పొడి మంచం

సత్యవేణి ఆగాతమ్మ దగ్గరికి వచ్చింది పని నేర్చుకోవడానికి కాదు. కోపాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక వచ్చింది.

అంతకుముందు ఆమె పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో, కాన్పుల గదిలో నర్సు. ఆ గదిలో ఇనప బల్లలు వరసగా ఉండేవి. నొప్పులతో వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు రెండూ పైకెత్తి పట్టీలతో కట్టేవారు. బల్లకీ బల్లకీ మధ్య తెర ఉండేది కాదు. లేస్తానంటే లేవనిచ్చేవారు కాదు. పక్కకి తిరుగుతానంటే కసిరేవారు. అరిస్తే తొడ మీద చరిచి, "మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేదా ఈ ఏడుపు?" అనేవారు.

ఎవరో ఒక దుర్మార్గురాలు చేసే పనైతే సత్యవేణి అంత రగిలిపోయేది కాదేమో. అందరూ చేసేవారు. మంచివాళ్ళూ చేసేవారు. డ్యూటీ దిగి ఇంటికెళ్ళి, తమ పిల్లలకి గోరుముద్దలు తినిపించేవాళ్ళే చేసేవారు.

ఒకనాడు నూకరత్నమని ఒక అమ్మాయి వచ్చింది. సముద్రం దగ్గరి పల్లె. రొయ్యల షెడ్డులో పని. తొలి కాన్పు. బల్ల మీద పడుకోబెట్టగానే నొప్పి తట్టుకోలేక కిందికి దిగి, నేల మీద గొంతుక్కూర్చోబోయింది.

"కూర్చుంటానండి. కూర్చుంటే దిగుతాదండి బిడ్డ," అని బతిమాలింది.

"నీకు తెలుసా, మాకు తెలుసా? చెప్పినట్టు చెయ్యి," అని పెద్ద నర్సు కాళ్ళు కట్టించింది.

సత్యవేణి వెళ్ళి ఆ పట్టీలు విప్పింది. పెద్ద నర్సు మళ్ళీ కట్టించింది. బిడ్డ బయటికి వచ్చేలోపల నూకరత్నాన్ని బిడ్డ దారి దగ్గర కోశారు. మత్తుమందు సరిగ్గా పట్టకముందే కుట్టారు. ఆ కుట్లు వేస్తున్నంతసేపూ ఆ అమ్మాయి అరవలేదు. పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. అరిచినా లాభం లేదని తెలిసిపోయినట్టుంది.

మర్నాడు సత్యవేణి సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

"వెల్లకిలా పడుకోబెట్టి కట్టేయడం దేనికి సార్?"

ఆయన మంచిగానే జవాబిచ్చాడు. "అలా ఉంటే మనకి చూసుకోవడానికి వీలమ్మా."

"నొప్పులు మనకా సార్?"

ఆయన నవ్వాడు. ఆ వారంలోనే ఆమెను కంటి వార్డుకి మార్చారు. సత్యవేణి ఉద్యోగం వదిలేసి, పెట్టె సర్దుకుని, నరసాపురం దాటాక కాలువ గట్టు మీదున్న చిన్న ప్రసూతి గృహానికి వచ్చింది.

ఆ గృహాన్ని నడిపేది మదర్ ఆగాత. ఊళ్ళో వాళ్ళకి ఆగాతమ్మ. ముసలి కన్యాస్త్రీ. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు, తక్కువ మాటలు. ఆ చుట్టుపక్కల సగం మంది ఆమె చేతుల్లో పడినవాళ్ళే అని చెప్పుకుంటారు.

సత్యవేణి వెళ్ళేసరికి ఆగాతమ్మ ఉతికి ఆరేసిన గుడ్డలు మడతపెడుతోంది. సత్యవేణి నిలబడే అంతా చెప్పింది. బల్లలూ, పట్టీలూ, బూతులూ, కోతలూ, కంటి వార్డూ.

"ఆడదాన్ని గొర్రెని కట్టినట్టు కట్టి కనమనడం ఏం న్యాయం మదర్? ఎవరు పెట్టారు ఈ పద్ధతి?"

ఆగాతమ్మ మూలనున్న పాత బల్ల చూపించింది.

"దాని మీద పడుకో."

సత్యవేణి పడుకుంది.

"కాళ్ళు పైకి పెట్టు."

పెట్టింది. ఆగాతమ్మ ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"తాగు. తల ఎత్తకు."

సత్యవేణి తాగబోయింది. సగం నీళ్ళు ముక్కులోకి పోయాయి. సగం చెంపల మీదుగా చెవుల్లోకి కారాయి. పొలమారింది. ఆగాతమ్మ వెళ్ళి మళ్ళీ గుడ్డల దగ్గర కూర్చుంది. తలుపు బార్లా తీసి ఉంది. పాలు పోసే మనిషి వచ్చి గిన్నెలో పాలు పోసి, బల్ల మీద కాళ్ళెత్తుకుని పడుకున్న సత్యవేణిని ఒకసారి చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడు. ఊడ్చే ఆవిడ బల్ల కింద చీపురు తిప్పి వెళ్ళింది. ఎవరూ ఆమెను పలకరించలేదు.

నడుము లాగేసింది. సిగ్గేసింది. అయినా సత్యవేణి అలాగే ఉంది. చాలాసేపటికి, "లేవనా మదర్?" అంది.

"నన్నెందుకు అడుగుతున్నావు? నేను కట్టలేదుగా."

సత్యవేణి లేచి కూర్చుంది. మెడ మీది నీళ్ళు తుడుచుకుంది.

"ఎలా ఉంది?" అంది ఆగాతమ్మ.

"ఒళ్ళు మండిపోతోంది."

"మండనీ. రేపు పనిలోకి రా."

అక్కడ పాఠాలేమీ లేవు. మూలన ఒక పీట వేసుకుని కూర్చుని చూడమనేది ఆగాతమ్మ. సత్యవేణి చూసింది. నొప్పులొచ్చిన ఆడవాళ్ళు ఆ ఇంట్లో వసారా పొడుగునా నడిచేవారు. కిటికీ చువ్వలు పట్టుకుని నడుము ఊపేవారు. కొందరు మోకాళ్ళ మీద వంగి తల్లి ఒళ్ళో తల పెట్టుకునేవారు. కొందరు దూలానికి కట్టిన పాత చీర పట్టుకుని వేలాడినట్టు గొంతుక్కూర్చునేవారు. ఒకావిడ పసిపిల్లలా నాలుగు కాళ్ళ మీద పాకుతూనే కనేసింది. వాళ్ళు ఎలా ఉంటే ఆగాతమ్మ అలా వంగి, బిడ్డ గుండె చప్పుడు వినేది. నేల మీద ఉంటే నేల మీద పడుకుని వినేది.

పెద్దాసుపత్రిలో తల్లులు వంగేవారు, డాక్టర్ల వీలు కోసం. ఇక్కడ ఈ ముసలావిడ మోకాళ్ళ నొప్పులతో తనే వంగుతోంది. అది చూసినప్పుడల్లా సత్యవేణికి అక్కడి వాళ్ళ మీద కోపం ఇంకా పెరిగేది.

ఒకసారి ఒక నిండు చూలాలు స్నానాల గదిలో గోరువెచ్చటి నీళ్ళు నడుం మీద పోసుకుంటూ, "హాయిగా ఉందండి, నేను రానండి," అని బయటికి రాలేదు. తొట్టి నిండా అలాంటి నీళ్ళుంటే, నొప్పులు పడేవాళ్ళు అందులోనే కూర్చుంటే, అందులోనే బిడ్డ పుడితే ఎంత బాగుంటుందని సత్యవేణికి తోచింది. కొన్ని చోట్ల అలా చేస్తున్నారని విని, పుస్తకాలు తెప్పించుకుని చదివింది. ఎవరికి చేయవచ్చో, ఎవరికి చేయకూడదో నేర్చుకుంది. ఇక ఆమెకి అదే ధ్యాస.

అవసరమైనప్పుడు చూడటానికి డాక్టర్ పద్మనాభరాజుగారు వచ్చేవారు. తొట్టి కట్టిద్దామంటే ఆయన ఒప్పుకోలేదు.

"మన వాళ్ళకి ఎందుకమ్మా ఇవన్నీ? గొప్పింటి వాళ్ళ సరదాలు."

"గొప్పింటి వాళ్ళకి నడుము వేరేగా ఉంటుందా సార్?"

"అది కాదు. మంచం మీద పడుకోబెడితే నాకు చూసుకోవడం తేలిక."

సత్యవేణి ముఖం ఎర్రబడింది. "మళ్ళీ అదే మాట. చూసేవాళ్ళ వీలు. కనేవాళ్ళ వీలు ఎవరికీ పట్టదు."

ఆయన ఆగాతమ్మ వైపు చూశాడు. ఆమె చేతిలోని గుడ్డ మడతపెట్టింది. తరవాత, "కష్టం కాన్పులు ఎటూ మీ దగ్గరికే పంపుతున్నాం. తేలిగ్గా ఉన్నవాళ్ళకి తొట్టి ఉంటే ఉండనివ్వండి రాజుగారూ," అంది. కాన్పుల గదిలోనే ఒక పక్కగా, నున్నటి పలకలు అతికించి తొట్టి కట్టించారు.

ఊళ్ళో నవ్వారు. గేదెల కుడితి తొట్టి అన్నారు. "మా కోడలేమన్నా చేపా?" అని ఒక అత్తగారు గుమ్మంలోనే అడిగింది. సత్యవేణి ఒక్కొక్కరికీ జవాబు చెప్పింది. ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. మొదటిసారి ఒకమ్మాయి ఆ నీళ్ళలో కన్నప్పుడు, బిడ్డ కంగారు లేకుండా పైకి తేలి కళ్ళు తెరిచినప్పుడు, సత్యవేణి కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు. పెద్దాసుపత్రి వాళ్ళంతా వచ్చి ఇది చూడాలి అనుకుంది.

ఆ తరవాత ఆమెలో ఒక మార్పు వచ్చింది. నొప్పులొచ్చినవాళ్ళు ఆటో దిగకముందే నీళ్ళు కాచేది. సరే అన్నవాళ్ళంటే ఆమెకి ప్రాణం. వద్దన్న వాళ్ళ పక్కన కూర్చుని ఊఁ అనేదాకా చెప్పేది. పాపం, వీళ్ళకి తెలియదు, ఎవరూ చెప్పినవాళ్ళు లేరు అనుకునేది.

ఆగాతమ్మ పీట మీద కూర్చుని చూస్తూ ఉండేది.

కొన్నాళ్ళకి నూకరత్నానికి మళ్ళీ నెలలు నిండుతున్నాయని తెలిసింది. సత్యవేణి ఆ మధ్యాహ్నమే బస్సెక్కి రొయ్యల షెడ్డుకి వెళ్ళింది. గేటు దగ్గర నూకరత్నం గుర్తుపట్టింది.

"మీరు పట్టీలు ఇప్పినావిడ కదండీ?"

ఆ మాటకి సత్యవేణి గుండె నిండిపోయింది. ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. నానిపోయి, చల్లగా ఉన్నాయి.

"ఈసారి అక్కడికి పోకు. నా దగ్గరికి రా. నిన్నెవరూ కట్టరు. ఎవరూ కొయ్యరు. నేనున్నాను."

"వస్తానండి," అంది నూకరత్నం.

ఒక పొద్దున ఆమె వచ్చింది. వెంట అత్త మంగ. నూకరత్నానికి అప్పటికే నొప్పులు దగ్గరదగ్గరగా వస్తున్నాయి. సత్యవేణి అంతా చూసింది. బిడ్డ తల కిందికే ఉంది. గుండె చప్పుడు బాగుంది. బీపీ బాగుంది. కంగారు పడాల్సింది ఏమీ లేదు.

సత్యవేణి తొట్టి నింపింది. మోచెయ్యి ముంచి వేడి చూసింది. గదిలో కిటికీ తెరలు దింపింది. ఈ కాన్పు ఎలా జరగాలో ఆమె ఎన్నోసార్లు మనసులో చూసుకుంది. ఈ అమ్మాయి ఆ నీళ్ళలో హాయిగా వెనక్కి వాలి కంటుంది. ఆ ఇనప బల్ల ఆమె ఒంట్లోంచి కొట్టుకుపోతుంది.

"రా నూకరత్నం, దిగు. నొప్పి సగానికి తగ్గిపోతుంది."

నూకరత్నం తొట్టి వైపు చూసింది. "వద్దండి."

"భయమా?"

"భయం కాదండి."

"మరి? అందరూ దిగుతున్నారు. మొన్న మీ ఊరావిడే దిగింది."

"దిగనివ్వండి. నాకొద్దండి." నొప్పి వచ్చింది. గోడకి నుదురానించి, అది పోయేదాకా ఊపిరి వదిలింది. తరవాత మెల్లిగా, "ఆ మంచం మీద కాసేపు పడుకుంటానండి," అంది.

సత్యవేణి తను విన్నది నమ్మలేకపోయింది.

"పడుకుంటావా?"

"ఊఁ."

"మంచం మీదా?"

"ఊఁ అండి."

"పడుకోబెట్టే కదే నిన్ను అంత హింస పెట్టారు. అందుకే కదా నేను ఉద్యోగం వదులుకున్నది. డాక్టరుగారితో పోట్లాడింది, ఊరందరిచేతా మాటలు పడింది ఎవరికోసం? నీలాంటి వాళ్ళకోసం కాదూ? ఇన్ని చేస్తే నువ్వు మళ్ళీ పడుకుంటానంటావా?"

అత్త మంగ కంగారు పడింది. "నర్సమ్మగారు అంతలా చెబుతుంటే దిగవే," అంది.

సత్యవేణి నూకరత్నం చెయ్యి పట్టుకుని తొట్టి వైపు నడిపించబోయింది. నూకరత్నం రెండో చేత్తో మంచం కోడు పట్టుకుంది. పట్టుకుని, ఉన్నట్టుండి గొంతు పెంచింది.

"అక్కడ పడుకోమని కట్టేరు. ఇక్కడ దిగమని లాగుతున్నారు. నా ఒళ్ళు ఎప్పుడూ మీ చేతిలోనేనా అండీ?"

సత్యవేణికి చెంప మీద కొట్టినట్టయింది. పెద్దాసుపత్రితో తనని కలిపి ఒక్క మాటలో పెట్టేసింది ఈ పిల్ల. ఎంత కృతజ్ఞత లేకపోతే అలా అంటుంది?

"నీకు తెలుసా, నాకు తెలుసా? చెప్పినట్టు చెయ్యి," అంది.

నూకరత్నం ఆమె ముఖంలోకి చూసింది. మంచం కోడు వదిలేసింది.

"సరేనండి," అంది.

తల దించుకుని తొట్టి దగ్గరికి నడిచింది. చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుంది. ఆ అణకువ చూసి అత్త మంగ తృప్తిగా తలాడించింది.

మూలన పీట మీంచి ఆగాతమ్మ లేచింది. చెప్పులు విడిచింది. కళ్ళజోడు తీసి మంగ చేతికిచ్చింది. నూకరత్నం భుజం తట్టి, కొంచెం పక్కకి జరిపింది. తొట్టి అంచు పట్టుకుని, ముందు ఒక కాలు, తరవాత ఒక కాలు లోపల పెట్టి, తెల్లటి అంగీతోనే నీళ్ళలో కూర్చుంది. నీళ్ళు పొర్లి నేల మీదికి వచ్చాయి. అంగీ గాలి పోసుకుని బుడగలా పైకి లేచింది. ఆమె దాన్ని అరచేతులతో కిందికి అణుచుకుంది.

ఎవరూ కదల్లేదు.

"మదర్, ఏం చేస్తున్నారు?" అంది సత్యవేణి.

"ఈ నీళ్ళలోకి ఎవరో ఒకరు దిగేదాకా నువ్వు ఊరుకోవు. నేను దిగాను."

"మదర్..."

"తొట్టిలో ఇక చోటు లేదు. ఇప్పుడు ఆమెనడుగు."

సత్యవేణికి ఆ క్షణాన ఆగాతమ్మ మీద వచ్చినంత కోపం ఆ సూపరింటెండెంటు మీద కూడా రాలేదు. నొప్పులు పడే మనిషి ముందు, ఆమె అత్త ముందు, తన మానం తీసేసింది. అందరూ తొక్కేసిన ఆడవాళ్ళ తరఫున నిలబడింది తానొక్కతే. సూపరింటెండెంటు నవ్వాడు, ఊరు నవ్వింది, ఇప్పుడు ఈవిడ కూడా. గదిలోంచి వెళ్ళిపోదామనుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది కూడా.

"నేను తప్పు చేశానా?" అంది అక్కడినుంచే. "వీళ్ళ కోసం కాదూ ఇదంతా?"

ఆగాతమ్మ తొట్టి అంచుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

"నీళ్ళు బాగున్నాయి," అంది.

నూకరత్నానికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. మదర్‌గారి తెల్లటి ముసుగు కొస నీళ్ళ మీద తేలుతోంది. ఆ నవ్వులోనే నొప్పి వచ్చింది. ఈసారిది పెద్దది. పట్టుకోవడానికి గోడ అందలేదు. గుమ్మం దగ్గర్నుంచి సత్యవేణి ఎప్పుడు వచ్చిందో, ఆమె భుజం అందింది. నూకరత్నం రెండు చేతులూ ఆమె మెడచుట్టూ వేసి, బరువంతా వేసి వేలాడింది. సత్యవేణి కాళ్ళు తన్నిపట్టుకుని నిలబడింది. ఆ అమ్మాయి ఊపిరి ఆమె చెవిలో వేడిగా తగిలింది.

నొప్పి దిగిపోయాక కూడా నూకరత్నం చేతులు తియ్యలేదు.

సత్యవేణి అడగాలనుకుంది. మాట రాలేదు. ఇన్నాళ్ళలో ఎందరికో ఎన్నో చెప్పిన నోరు. కాసేపటికి వచ్చింది.

"ఏం చేద్దాం నూకరత్నం?"

నూకరత్నం ఆమె భుజం మీదే తల పెట్టి జవాబు చెప్పింది.

"నీళ్ళు మంచివేనండి. మీరు చెప్పింది అబద్ధమని కాదండి. కానీ నేను తెల్లారితే నీళ్ళలోనేనండి. ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలవాలి. కింద అంతా నీళ్ళే. బూట్లిస్తారు గాని చిల్లులండి. కాలివేళ్ళ సందులు పాసిపోతాయి. ఇంటికొచ్చినా చెయ్యి చెమ్మారదు. మొన్నటిదాకా వెళ్ళానండి పనికి." ఆగింది. "పొడి దుప్పటి మీద పడుకోవాలనుందండి. పక్కకి తిరిగి. ఎవరూ లెమ్మనకుండా."

అత్త మంగ కూడా అదే షెడ్డులో పని చేసేది. తన చేతులకేసి చూసుకుంది.

సత్యవేణి నూకరత్నాన్ని మంచం మీద కూర్చోబెట్టింది. బీరువాలోంచి ఉతికిన దుప్పటి తీసి పరిచింది. తొట్టిలోంచి పొర్లిన నీళ్ళకి ఆ అమ్మాయి పాదాలు తడిశాయి. సత్యవేణి కింద కూర్చుని, ఒక పొడి తువ్వాలుతో ఆ పాదాలు తుడిచింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి, అక్కడక్కడ పగిలి ఉంది. పెద్దాసుపత్రిలో ఈ పాదాల్నే ఆమె పట్టీల్లోంచి విడిపించింది. అప్పుడు ఇవి కనపడలేదు. ఒక్కొక్క వేలూ విడదీసి, నొప్పి పుట్టకుండా అద్దింది.

ఇలాంటి కాళ్ళు వేసుకుని ఈ అమ్మాయి ఎవరెవరి వీలు కోసమో ఎన్ని చోట్ల నిలబడిందో అనుకుంది. కోపం మళ్ళీ వచ్చింది. ఈసారి అందులో తనూ ఉంది.

నూకరత్నం ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. దిండు గుండెలకి హత్తుకుంది. మంగ వెనక కూర్చుని నడుము రుద్దింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఆ అమ్మాయికి చిన్న కునుకు కూడా పట్టింది. సత్యవేణి మంచం పక్కన నేల మీద మోకరించి, మెడ వంచి, బిడ్డ గుండె చప్పుడు విన్నది. బాగుంది. మళ్ళీ విన్నది. బాగుంది.

ఆగాతమ్మ తొట్టిలోనే ఉంది.

ఎండ కిటికీ తెరల సందుల్లోంచి లోపలికి వచ్చేసరికి నొప్పుల తీరు మారింది. నూకరత్నం పళ్ళు బిగించి మూలిగింది.

"వస్తన్నాదండి."

ఇప్పుడు లేచి కూర్చుంటే మేలని సత్యవేణి నోటి దాకా వచ్చింది. మింగింది.

"ఎలా ఉంటావు?"

"ఇలాగేనండి. కాలు... ఈ కాలు ఎక్కడన్నా పెట్టుకోవాలండి."

"నా భుజం మీద పెట్టుకో."

నూకరత్నం పైకాలు ఎత్తి ఆమె భుజం మీద పెట్టింది. సత్యవేణి మంచం పక్కన వంగి, ఆ బరువు మోస్తూ, మెడ ఒక పక్కకి వాల్చి నిలబడింది. నడుము విరిగిపోతోంది. చూసుకోవడానికి ఏమాత్రం వీలుగా లేదు. అయినా కనపడుతోంది, చాలు.

"నన్ను ముక్కమంటారా?" అంది నూకరత్నం.

"నీకెప్పుడనిపిస్తే అప్పుడు."

ఆ అమ్మాయికి అనిపించలేదు. ఒక నొప్పి వదిలేసింది. తరవాతి నొప్పికి గొంతులోంచి ఒక పెద్ద కేక తెచ్చి, కాలితో సత్యవేణి భుజాన్ని గట్టిగా తన్నిపట్టింది. తల వచ్చింది. సత్యవేణి అరచెయ్యి అడ్డం పెట్టి, నెమ్మదిగా, నెమ్మదిగా అంది. అది నూకరత్నానికో, తనకో. భుజాలు వచ్చాయి. బిడ్డ జారి ఆమె చేతుల్లోకి వచ్చింది. ఆడపిల్ల. ఒక్క క్షణం ఆలోచించుకుని గట్టిగా ఏడ్చింది.

బిడ్డని తుడిచి తల్లి గుండెల మీద పెట్టారు. మంగ దండం పెట్టుకుంది. నీళ్ళలోంచి ఆగాతమ్మ చెయ్యి పైకి వచ్చి నుదుటి మీద, గుండె మీద, భుజాల మీద శిలువ గుర్తు వేసుకుంది.

మాయ కూడా సక్రమంగా పడిపోయింది. సత్యవేణి దీపం వేసి చూసింది. ఎక్కడా చినగలేదు. కుట్టాల్సింది ఏమీ లేదు.

"అయిపోయిందా అండీ?" అంది నూకరత్నం.

"అయిపోయింది."

"మరి కుట్లు?"

"లేవు."

నూకరత్నం నమ్మలేనట్టు చూసింది. అప్పుడు ఏడ్చింది. కుట్లు వేసిననాడు ఏడవని ఏడుపు, చాలాసేపు ఏడ్చింది. సత్యవేణి ఊరుకోమనలేదు. పొడి దుప్పటి ఇంకొకటి తెచ్చి ఇద్దరి మీదా కప్పింది. ఏడుస్తూనే ఆ తల్లి నిద్రపోయింది. బిడ్డ ఆమె రొమ్ము మీద నోరు పెట్టుకుని నిద్రపోయింది. కొడుక్కి ఫోన్ చేస్తానని మంగ బయటికి వెళ్ళింది.

సత్యవేణి తొట్టి దగ్గరికి వచ్చింది. నీళ్ళు ఎప్పుడో చల్లారిపోయాయి. ఆగాతమ్మ పెదవులు పాలిపోయి ఉన్నాయి. వేళ్ళు ముడతలు పడ్డాయి. ముసుగు తలకి అంటుకుపోయింది.

"ఇంతసేపూ ఎందుకున్నారు మదర్?"

"ఖాళీ అయితే నీకు మళ్ళీ ఎవరో ఒకరు కావాలనిపిస్తుందేమోనని."

సత్యవేణి తల దించుకుంది. నేల మీది నీళ్ళని పాదంతో ఇటూ అటూ నెట్టింది. ఆమెకి ఇంకా లోపల ఎక్కడో రగులుతూనే ఉంది.

"మదర్. వాళ్ళు చేసేది ఇంకా తప్పే. ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. నాకు ఇంకా కోపం వస్తోంది."

"రావాలి."

"నా మీద కూడా వస్తోంది."

"రానీ."

"మరి నేను ఏం చెయ్యను?"

"ముందు నన్ను లేవనీ. మోకాళ్ళు పట్టేశాయి."

సత్యవేణి గబగబా వంగి, ఆమె చంకల కింద చేతులు వేసి పైకి ఎత్తబోయింది.

"ఉండు," అంది ఆగాతమ్మ. "ఎటు తిరగాలో వాటికి తెలుసు."

ఆమె నీళ్ళలో మెల్లిగా ఒక పక్కకి ఒరిగింది. తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుంది. తొట్టి అంచు మీద గుండె ఆనించి ఊపిరి పీల్చుకుంది. ఒక కాలు ముందుకి తెచ్చింది. అది సరిపడలేదు. మళ్ళీ వెనక్కి పెట్టి, రెండో కాలు తెచ్చింది. తడి అంగీ బరువుగా కిందికి లాగుతోంది. మధ్యలో ఆగిపోయి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉండిపోయింది.

సత్యవేణి చేతులు రెండూ వాటంతట అవే ముందుకి వెళ్ళాయి. ఆమె వాటిని వెనక్కి తీసుకుంది. ఒక పొడి తువ్వాలు తెచ్చి, బాగా విప్పి పట్టుకుంది. పడితే అందేంత దగ్గరగా, లేస్తే అడ్డం రానంత దూరంగా, ముసలావిడ లేచేదాకా అలా నిలబడింది.